ఎర్ర సున్నా చుట్టిన అయిదు రోజులు

ఫిబ్రవరి 5, ఉదయం 7:10
తలకు పోసుకున్నాను. ఒకటో రోజు! పిల్లల కోసం రెండేళ్లుగా ఎదురుచూపులే. ఇక గాలికి వదిలేది లేదు. నియమాలు:
– గర్భం నిలిచేది 11 నుంచి 15వ రోజు దాకా. అంటే ఫిబ్రవరి 15–19. క్యాలెండర్‌లో ఎర్ర సున్నాలు చుట్టాను.
– అప్పటిదాకా మా ఆయన మల్లికార్జున్ హాల్లో, నేను గదిలో. బలం దాచుకోవాలట. ఫోన్‌లో చూశాను.
– టీ బంద్.

ఫిబ్రవరి 8
టీ అర కప్పే. కప్పు కొంచెం పెద్దది.

ఫిబ్రవరి 10
అత్తమ్మ సున్నాలేంటని అడిగింది. ఒక్కపొద్దులని నోటికొచ్చింది చెప్పేశాను. నా భక్తికి మురిసిపోయింది. గండం గడిచింది!

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 3:00
అత్తమ్మ యాలాల్‌లో మా ఆడపడుచు ఇంటికి పోయింది. తను పనిచేసే బండల పాలిషింగ్ యూనిట్‌లో కరెంటు పోయిందని మల్లికార్జున్ ఒంటినిండా బండల దుమ్ముతో వచ్చాడు. స్నానం చేసి వచ్చి నవ్వాడు. నియమం పోయింది. తొమ్మిదో రోజే కదా, లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 15
అత్తమ్మ పొద్దున్నే యాలాల్ నుంచి వచ్చేసింది. అయిదు రోజులూ తను కూడా నాతో ఒక్కపొద్దు ఉంటుందట! సాయంత్రానికే చాప తెచ్చి నా గదిలో పరిచింది.
“ఒక్కపొద్దున్నోళ్లు మొగని పక్కకు పోవద్దు బిడ్డా. నేనుంట నీకు తోడు.”

ఫిబ్రవరి 17
తోడుంది. గురక కూడా ఉంది. హాల్లోంచి మల్లికార్జున్ మెసేజ్: ఇంకెన్ని రోజులు?

ఫిబ్రవరి 19
సున్నాలు అయిపోయాయి. కిలో తగ్గాను. టీ మూడు కప్పులు.

ఫిబ్రవరి 21, వికారాబాద్
డాక్టరమ్మ ఒకటో రోజు ఏదని అడిగితే తలకు పోసుకున్న రోజని చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. నెలసరి మొదలైన రోజే ఒకటో రోజట. అంటే ఫిబ్రవరి 1! మా ఇంట్లో అందరం స్నానం నుంచే లెక్కపెడతాం. నా సున్నాలన్నీ అండం విడుదలయ్యాకే పడ్డాయి. బలం దాచుకోవడం కూడా అక్కర్లేదట.
ఆగు. అయితే 13వ తేదీ అసలైన 13వ రోజు! మంచి అదను! అన్నీ కుదిరినా నెలకు నాలుగైదింట ఒక వంతే అవకాశమని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఒక్క వంతూ నాదే. తాండూరు వచ్చేదాకా బస్సులో నవ్వుతూనే ఉన్నాను.

ఫిబ్రవరి 26
వాంతి వచ్చేలా ఉంది! తిన్న మిర్చి బజ్జీలు ఆరు. ఆడపిల్లయితే ప్రణవి.

మార్చి 1, ఉదయం 6:20
వచ్చేసింది. బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను. అత్తమ్మ తలుపు కొట్టింది. సున్నాల సంగతంతా చెప్పేశాను. ముట్టు అని కూడా చూడకుండా నన్ను దగ్గరకు తీసుకుంది.
“నేనే అడ్డమొచ్చిన గద బిడ్డా.”
ఈసారి ఏ తేదీలని అడిగింది. 10 నుంచి 15 అన్నాను. తొమ్మిదిన యాలాల్ పోయి పదహారు దాకా రానని ఇప్పుడే సంచి సర్దుతోంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

6:55
టీ బంద్. తలస్నానానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఒకటో రోజు మాత్రం ఇవాళే.