అప్పయ్య ఎవరంటే

డాలీగంజ్,
ఆదివారం మధ్యాహ్నం

ఏవండీ,

నమస్కారం. ఇక్కడ నేను, ఇన్వర్టరు, పెరట్లో మీరు నాటిన బొప్పాయి ముగ్గురమూ బాగున్నాం. విశాఖపట్నంలో మన సుష్మ కూడా బాగానే ఉంది. బాగున్నానని ఫోటో పంపింది. వెనకాల మంచం మీద మడవని బట్టలు కూడా కనిపించాయి, ఆ సంగతి దానికి విడిగా చెప్పాను. మన దీవుల చివర ఆ క్యాంప్‌బెల్ బేలో మీ ఒంట్లో ఎలా ఉంది? దగ్గు తగ్గిందా?

మీ ఉత్తరం అందింది. ఫోన్‌లో మీ మాట సగం, గాలి హోరు సగం వినిపిస్తుంది కాబట్టి రాయడమే మంచిదైంది. మూడు ప్రశ్నలు అడిగారు. వరసగా జవాబులు రాస్తాను.

మొదటిది, మీ రెయిన్‌కోటు. అది ఇంట్లో లేదు, మీ దగ్గరే ఉంది. నల్లపెట్టెలో అడుగున, లుంగీల కింద, ఎడమవైపు చూడండి. నేనే పెట్టాను.

రెండోది, అప్పయ్య ఎవరని. ఆయన పోయాడని మనింట్లో ప్రార్థన జరిగిందనీ, నేను ఏడ్చాననీ ఓడలో వచ్చిన ప్రసన్న కుమార్ మీతో చెప్పాడట. "మన బంధువుల్లో ఆ పేరు ఎవరికీ లేదే?" అని రాశారు. ఆ "లేదే" దగ్గర కలం గట్టిగా నొక్కినట్టున్నారు, కాగితం వెనకవైపు అచ్చు తేలింది.

మూడోది, మీ ఆఫీసు సంగతి. ఇంకో రెండేళ్లు అక్కడే ఉండమంటున్నారనీ, నేను వస్తానంటే క్వార్టరు తీసుకుంటాననీ, రానంటే ఆ ఒంటి గదిలోనే సర్దుకుంటాననీ, ఏదో ఒకటి వచ్చే ఓడకల్లా చెప్పమనీ రాశారు. దానికి జవాబు చివర్లో ఇస్తాను. ముందు అప్పయ్య సంగతి తేలాలి.

అప్పయ్య వంటవాడు. నా ఓడలో.

కంగారు పడకండి. హోప్ టౌన్ ఫెర్రీలో కూర్చుంటేనే నిమ్మకాయ వాసన చూసే మనిషిని నేను. అలాంటిదాన్ని ఇప్పుడు ఓ ఓడకు కెప్టెన్ని. సుష్మ పోయినసారి వచ్చినప్పుడు ఒక పలచటి పుస్తకం ఇచ్చి వెళ్లింది. ఒక్కరే కూర్చుని ఆడుకునే కథల ఆట అది. మనమే ఒక పాత్ర అయిపోవాలి, ఏం చేస్తామో మనమే చెప్పుకోవాలి. ఏం జరుగుతుందో మాత్రం పాచిక చెబుతుంది. ఆరు పడితే మంచి గాలి, మూడు పడితే దొంగలు, ఒకటి పడితే ఓడలో ఎవరో ఒకరు పోతారు.

"నాకు ఆటలాడే తీరికెక్కడిదే?" అన్నాను.

"తీరిక లేనోళ్ల కోసమే అమ్మా ఇది. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపల ఒక రోజు ప్రయాణం అయిపోద్ది. ట్రై కర్‌లే" అంది.

మర్నాడు పప్పు పెట్టి మొదలుపెట్టాను. మూడో విజిల్‌కి ఓడ రేవు దాటింది. ఏడో విజిల్‌కి నేను తుఫానులో ఉన్నాను. ఆ రోజు పప్పు జావ అయింది, మిరియాలు వేసి చారులా తాగేశాను.

ఆటలో తిండి విషయం బొత్తిగా పట్టించుకోలేదండీ. "ఆహారం: సరిపడా" అని రాసి వదిలేశారు. సరిపడా అంటే ఎంత? ఎంతమందికి? నేను బియ్యం, కందిపప్పు, ఎండుచేపలు, మంచినీళ్లు అన్నీ విడివిడిగా లెక్క కట్టుకున్నాను. ఫోన్‌లో చెబితే సుష్మ పకపకా నవ్వింది.

"అమ్మా, ఆటలో పప్పు లెక్క లేదు."

"లెక్క లేకపోతే జనం ఏం తింటారే?"

"దొంగలొస్తే కత్తి తియ్యాలి గానీ, నువ్వు వాళ్లకి భోజనం పెట్టావేటి?"

"అన్నం మిగిలింది. పారబోయనా?"

ఆ అన్నం వండినవాడే అప్పయ్య. సిబ్బందికి పేర్లు పెట్టమంటే మిగతావాళ్లకు ఏవో పెట్టేశాను గానీ, వంటవాడి దగ్గర మాత్రం కాస్త ఆలోచించాను. నెమ్మదస్తుడు, ఉప్పు చూసి వేసేవాడు, మీలాగే దగ్గుతాడు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు. మధ్యాహ్నం ఒక్కదాన్నీ అన్నం తినేటప్పుడు ఈపూట అప్పయ్య ఏం వండి ఉంటాడా అనిపించేది.

ఒకరోజు సుష్మతో స్పీకర్‌లో మాట్లాడుతూ పాచిక వేశాను. ఒకటి పడింది. ఎవరు పోయారో తేలడానికి మళ్లీ వెయ్యాలి. వేస్తే, అప్పయ్య. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అప్పయ్య పోయాడే" అన్నాను. "రాత్రి తుఫానులో ఓడమీంచి కొట్టుకుపోయాడు. పసిపిల్లలే ఇద్దరూ."

"ఇంకోసారి వేసెయ్ అమ్మా, కౌన్ దేఖ్‌తా?" అంది.

"నేను చూస్తున్నాను కదే. పడింది పడినట్టే" అన్నాను.

అప్పుడు కిటికీ అవతల పక్కింటి ఎవాంజలిన్ బట్టలు ఆరేస్తోంది. మన దీవుల్లో ఓడ, తుఫాను అనే రెండు మాటలు కలిపి వింటే ఎవరూ మూడో మాట కోసం ఆగరు కదా. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు నీళ్ల మీద ఉంటారు. సాయంత్రానికల్లా ఎవాంజలిన్, ఆవిడ తమ్ముడు ప్రసన్న కుమార్, పాస్టర్ కృపానందం గారు, చర్చి ఆడవాళ్లు మన హాల్లో చాప పరుచుకుని కూర్చున్నారు.

"ముందే చెప్పొచ్చు కదా దీదీ. ఇంత దుఃఖం దాచుకుని బట్టలు ఇస్త్రీ చేస్తన్నావా?" అని ఎవాంజలిన్ నా చెయ్యి పట్టుకుంది.

చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే అందరూ కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకున్నవాళ్లకి, ఇది ఆటండీ అని ఎలా చెప్పను? ఇంతలో పాస్టర్ గారు ఒక కన్ను తెరిచి, "చనిపోయిన సోదరునికి పిల్లలెందరమ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఇద్దరండీ" అన్నాను. అబద్ధం కాదు కదా, ఇద్దరే.

ఆ ఇద్దరి కోసం ఆయన ఎంత చక్కగా ప్రార్థించారంటే నేను మళ్లీ ఏడ్చాను. మర్నాడు ప్రసన్న మీవైపు వచ్చే ఓడ ఎక్కేశాడు. ఎవాంజలిన్ తన మనవడి పాత చొక్కాలు సంచీలో పెట్టి అప్పయ్య పిల్లలకని తెచ్చింది. ఇక తట్టుకోలేక పుస్తకం, పాచిక ఆవిడ ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"హే భగవాన్" అంది ఎవాంజలిన్. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "లేని మనిషి కోసం నా మోకాళ్లు వాచిపోయాయి! పాస్టర్ గారికి నువ్వే చెప్పుకో, నావల్ల కాదు బాబా."

వెళ్లి చెప్పాను. ఆయన అంతా విని, "పోనీలెండమ్మా. ఆ ప్రార్థన నీళ్ల మీదున్న ఎవరో ఒకరికి పనికొస్తుంది" అన్నారు. ఎవాంజలిన్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "సర్లే గానీ దీదీ, ఇప్పుడు ఓడలో వంటెవరు చేస్తన్నారు?" అని అడిగింది. ఇప్పుడు ఆవిడకీ ఒక ఓడ ఉంది. ఆవిడ ఓడలో అందరూ ఆదివారం సెలవు తీసుకుంటారు.

అదండీ అప్పయ్య సంగతి. మీరు నవ్వుతారని ఇన్నాళ్లూ చెప్పలేదు. నవ్వండి, కానీ ప్రసన్నకి మీరే చెప్పాలి.

ఇక మూడో ప్రశ్న. మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ రాకుండా ఉండడానికి కారణాలు వెతికాను. చాలా దొరికాయి. ఇన్వర్టరుకి నీళ్లెవరు పోస్తారు, బొప్పాయి పిందె దశలో ఉంది, అక్కడ ఓడ వస్తేనే కూరగాయలు, ఆ ఓడలో రెండు మూడు రోజులు నా కడుపు ఏమవుతుందో మీకు తెలుసు. రావడానికి ఒక్కటే కారణం కనిపించింది. అది రాయడానికి ఈ వయసులో సిగ్గుగా ఉంది.

అందుకని పాచికకే వదిలేద్దామనుకున్నాను. సరిసంఖ్య పడితే క్యాంప్‌బెల్ బే, బేసి పడితే డాలీగంజ్. కుక్కర్ పెట్టి, స్టీలు గిన్నెలో వేశాను.

మూడు పడింది.

గిన్నె అంచుకి తగిలింది కదా అని మళ్లీ వేశాను. ఒకటి. విజిల్‌కి చెయ్యి అదిరిందిలే అని ఇంకోసారి వేశాను. నాలుగు పడింది. వెంటనే పాచికని పోపులపెట్టెలో పెట్టి మూత బిగించేశాను.

అప్పయ్యకి పసిపిల్లలున్నారని తెలిసి కూడా ఇంకోసారి వెయ్యలేదు. మీకోసం మూడుసార్లు వేశాను. ఈ సంగతి సుష్మకి చెప్పకండి.

క్వార్టరు తీసుకోండి. వంటింటి కిటికీ ఎటువైపు ఉందో చూసి రాయండి. బొప్పాయిని, ఇన్వర్టరుని ఎవాంజలిన్‌కి అప్పగించాను. నిమ్మకాయలు తెచ్చుకున్నాను.

ఇట్లు,
ఓడ ఎక్కబోతున్న మీ ఇల్లాలు,
ప్రమోద