ఫ్లారెన్స్ బండిలో రెండు బెర్తులు

బ్ర్నో,
12 మార్చి 2024, మంగళవారం.

ప్రియమైన వ్లాస్తాకి,

యార్మిలా నమస్కారాలు. నా మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. నువ్వూ, నీ ముసలి పిల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కొత్త సంవత్సరం కార్డు మీద నాలుగు ముక్కలు గీకడం తప్ప నీకు ఉత్తరమంటూ రాసి ఎన్నేళ్లయిందో! ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ఫోన్లో నువ్వు నన్నెక్కడ మాట్లాడనిస్తావు? అందుకే కాగితం పట్టుకున్నాను.

విషయం ఏమిటంటే, జూన్ ఏడో తారీకు శుక్రవారం నువ్వూ నేనూ ఇటలీకి, లివోర్నో వెళ్తున్నాం. స్లీపర్ బండిలో. టికెట్లు కొనేశాను. తిట్టుకో, కానీ చివరిదాకా చదివి తిట్టుకో.

రాదిమ్ జనవరిలో పోయాడని నీకు కార్డు వేశాను. నువ్వు జవాబివ్వలేదు, ఇవ్వవని నాకూ తెలుసు. చివరి నాలుగేళ్లూ ఆయన లివోర్నోలో కూతురు ఇవోనా దగ్గరే ఉన్నాడు. జూన్ ఎనిమిది ఆయన పుట్టినరోజట. ఆ రోజు మన పాత స్లీపర్ అటెండెంట్లందరినీ పిలిచి, చేపల పులుసు కాచి భోజనం పెడతానని ఇవోనా ఫోన్ చేసింది. "వ్లాస్తా అత్తని తప్పకుండా తీసుకురండి, నాన్న ఆవిణ్ణి తలుచుకోని వారం లేదు" అంది. ఏమని తలుచుకునేవాడని అడిగాను. "బండి ఎంత ఊగినా ఆవిడ వేసిన పక్క మీద ఒక్క ముడత కనపడేది కాదనేవాడు" అంది. తీసుకొస్తానని మాటిచ్చేశాను.

ఇక ప్రయాణం సంగతి. మొదట ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక చోట సీటు దొరికితే బెర్త్ దొరకదు, బెర్త్ దొరికితే మన ఇద్దరి పేర్లూ, పుట్టిన తేదీలూ కొట్టేసరికి గడువు అయిపోయిందని మళ్లీ మొదలుపెట్టమంటుంది. మూడుసార్లు అయ్యాక దాన్ని కట్టేసి, కోటు వేసుకుని స్టేషన్‌కి నడిచాను.

కౌంటర్లో పాతికేళ్ల పిల్ల. "బామ్మగారూ, విమానంలో అయితే చిటికెలో దిగిపోతారు" అంది. నాకు పడుకుని వెళ్లడమే ఇష్టమన్నాను. దాంతో పాఠం మొదలుపెట్టింది. కూర్చుని వెళ్లే బోగీ వేరట, నలుగురైదుగురు ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకే గదిలో సర్దుకునే బోగీ వేరట, స్లీపర్ వేరట. "స్లీపర్‌లో పక్క వేసే ఉంటుంది, మొహం కడుక్కోవడానికి బేసిన్ ఉంటుంది, పై బెర్తుకి నిచ్చెన ఉంటుంది, పొద్దున్నే కాఫీ ఇస్తారు" అని వేళ్లు మడిచి మరీ చెప్పింది. అంతా విన్నాను. "చాలా బాగా చెప్పావు తల్లీ. ముప్పై ఏళ్లు ఆ పక్కలు వేసింది నేనే" అన్నాను. పిల్ల మొహం బీట్‌రూట్ అయిపోయింది. "మరి ముందే చెప్పొచ్చుగా! నా చేత ఇంత వాగించారు" అని నవ్వేసింది. ఆ తర్వాత మాత్రం సొంత అమ్మమ్మకి కొన్నంత శ్రద్ధగా కొనిపెట్టింది.

ఆ శుక్రవారానికి ఇద్దరు పడుకునే కూపే ఒక్కటే మిగిలింది. రెండు రోజులు ఆపి ఉంచమంటే కుదరదంది. అందుకే నిన్ను అడక్కుండా కొన్నాను. నువ్వు మధ్యాహ్నం మీ పార్దుబిత్సెలో వియన్నా బండి ఎక్కుతావు, నేను బ్ర్నోలో ఎక్కి నీ పక్కన కూర్చుంటాను. మొదట ఆ పిల్ల వియన్నాలో ఇరవై అయిదు నిమిషాల వ్యవధి ఉన్న బండి చూపించింది. వద్దన్నాను. మన బండి అరగంట ఆలస్యమైతే, ఫ్లారెన్స్ స్లీపర్ మన కోసం ఆగదు, మర్నాడు సాయంత్రం దాకా ఇంకోటి లేదు. అందుకని ముందు బండి తీసుకున్నాను. వియన్నాలో రెండు గంటల పైనే దొరుకుతుంది. తెల్లవారేసరికి ఫ్లారెన్స్. అక్కడ బండి మారితే గంటన్నరలో లివోర్నో. తిరుగు ప్రయాణం సోమవారం, అదే దారిలో.

కింది బెర్త్ నాది, దీని మీద వాదన లేదు. నా మోకాలు నిచ్చెన ఎక్కదు. నువ్వింకా కుర్చీ ఎక్కి కర్టెన్లు మారుస్తావని మీ చెల్లెలు చెప్పింది. నేను ష్నిట్జెల్ మాంసం ముక్కలు వేయించి బ్రెడ్‌లో పెట్టి తెస్తాను, నువ్వు ఊరేసిన దోసకాయల సీసా తీసుకురా. బండిలో కొన్న తిండి మనకెప్పుడు నచ్చింది గనక?

రాదిమ్ గడప తొక్కనని అంటావు. నాకు తెలుసు. ఆ ఫిబ్రవరి నాకు మాత్రం గుర్తులేదా? కూర్చునే టికెట్‌తో ఎక్కిన ఆ నిండు చూలాలిని నువ్వు ఖాళీ కూపేలో పడుకోబెట్టావు. నీ కంబళి కప్పావు. మూడు వారాలకి నిన్ను ఆఫీసుకి పిలిచి, డబ్బు తీసుకుని బెర్తులు ఇస్తున్నావని ఎవరో రాశారన్నారు, నీ యూనిఫామ్ వెనక్కి తీసుకున్నారు. పక్క బోగీ రాదిమ్‌ది కాబట్టి చూసింది ఆయనొక్కడే అనుకున్నావు. క్యాంటీన్లో అందరూ సూపు తాగుతుంటే ఆయన ముందు నిలబడి, "నా నోటి దగ్గర కూడు లాగేశావు కదరా! నీకు ఎన్ని మెడల్స్ ఇచ్చారు?" అన్నావు. ఆయన చెంచా కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు నువ్వు బడి వంటింట్లో బంగాళాదుంపలు చెక్కావు.

అయినా రమ్మంటున్నాను. ఇవోనా కోసం రా. ఆ పిల్ల నీకేం చేసింది?

నీ టికెట్ ఈ కవర్లోనే ఉంది. నీ పేరులో ఒక అక్షరం తప్పు పడితే దగ్గరుండి దిద్దించాను. పాస్‌పోర్ట్ గడువు చూసుకో.

ఉంటాను,
నీ స్నేహితురాలు
యార్మిలా.

తా.క.: పైదంతా రాసి మూడు రోజులు బల్ల మీద ఉంచాను. ఇవాళ శుక్రవారం.

ఆఫీసుకి రాసింది రాదిమ్ కాదు, వ్లాస్తా. నేను.

ఆ రాత్రి దిండు గలీబులు తక్కువై నీ బోగీకి వచ్చాను. ఆవిణ్ణి చూశాను. నువ్వు ఆవిడ కాళ్ల కింద దిండు సర్దుతున్నావు. డబ్బు తీసుకోలేదని నాకు బాగా తెలుసు. తీసుకున్నావని రాశాను. ఆ వసంతంలో హెడ్ అటెండెంట్ పోస్ట్ ఒక్కటే ఉంది, అది నీకే వస్తుందని అందరూ అంటున్నారు. నువ్వు వెళ్లిపోయాక నాకు వచ్చింది. పదకొండేళ్లు ఆ బ్యాడ్జి పెట్టుకు తిరిగాను.

రాదిమ్‌కి తెలుసు. ఆఫీసులో ఆ కాగితం ఆయన కంటపడింది, నా చేతిరాత పోల్చుకున్నాడు. క్యాంటీన్ గొడవ జరిగిన సాయంత్రం నన్ను ఆపి, "నువ్వే చెప్తావా యార్మిలా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు. నేనే చెప్తానన్నాను. నా మాట నమ్మాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఇరవై ఒక్క ఏళ్లు నీ తిట్లన్నీ ఆయన పడ్డాడు.

నాతో ఒకే కూపేలో ఉండలేనంటే ఒక్క ముక్క రాయి. కౌంటర్ పిల్లని మళ్లీ వెళ్లి అడిగాను. నేను కూర్చునే బోగీలోకి మారతాను, కూపే నీకే ఉంటుంది. అసలు రానంటే మే ఇరవై రెండు లోపు టికెట్ తిప్పి పంపు. నేను మాత్రం వెళ్తున్నాను. ఇవోనా భోజనాల బల్ల దగ్గర, మన వాళ్లందరి ముందూ ఇదే చెప్తాను. ఆమెకింకా తెలియదు. మొన్న ఫోన్లో నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మొదట వినాల్సింది నువ్వు.