సంఘంలోంచి తీసేసిన ఎస్తేరమ్మ

పెనుకొండ

హిందూపురంలో ఉండే పాస్టర్ గిద్యోను అయ్యకు, ఎస్తేరమ్మ చెప్పి రాయిస్తున్న వందనాలు. రాసేది నా కోడలు హేమావతి.

నిన్న ఫోన్‌లో "మిమ్మల్ని సంఘం నుంచి తీసేశారు" అని వచ్చిందంట. హేమావతే చదివి చెప్పింది. ఏమయ్యా, నేనేం పాపం చేసినా? నువ్వు పుట్టకముందే చెరువులో మునిగి బాప్తిస్మం తీసుకున్నదాన్ని. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. నాకు రొట్టె ఇస్తావా, ఇయ్యవా? సమాధుల తోటలో మా ఇంటాయన పక్కన నాకని జాగా పెట్టుకోనుండా. సంఘంలో లేనిదాన్ని ఆడ పూడ్చనిస్తారా? జవాబు కాగితం మీదే రాయి. ఫోన్ ఇంక ముట్టను.

ఇట్లు,
వెలివేయబడిన ఎస్తేరమ్మ

తా.క. ఫోన్‌ను రాగిపిండి డబ్బాలో పెట్టినా. ఎవరు ఫోన్ చేసినా డబ్బా స్తోత్రాలు పాడతాండాది.

హిందూపురం

ప్రభువునందు ప్రియమైన ఎస్తేరమ్మ అవ్వకు,

మిమ్మల్ని ఎవరూ వెలివేయలేదు. "సంఘం" అన్నది ఫోన్‌లో మన ఉదయ ప్రార్థన గ్రూపు పేరు. అందులో రోజూ తెల్లవారుజామున మీ గొంతు వస్తోంది: "లెయ్యే నల్లీ! తిని తిని పండుకోనుండావు, కాళ్లిరగ్గొడతా!" హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు ఊళ్ల విశ్వాసులూ విన్నారు. ధర్మవరం నల్లమ్మగారు తననే అన్నారనుకుని మందిరానికి రావడం మానేశారు. అందుకే అడ్మిన్‌గా మిమ్మల్ని గ్రూపులోంచి తీసేశాను.

ప్రభువు సేవలో,
గిద్యోను

తా.క. కాళ్ల సంగతి కంటే "తిని తిని" అన్నందుకే ఆమె ఎక్కువ బాధపడ్డారు.

పెనుకొండ

పాస్టరయ్యకు,

నల్లి అంటే మా మేక కదయ్యా! ప్రార్థన చెప్పేందుకు మైకు గుర్తు నొక్కేది హేమావతి నేర్పించింది. ఆపేది నేర్పించలే. ఫోన్ రొంట్లో దోపుకొని కొట్టం ఊడుస్తాంటే నా మాటలన్నీ పోయినట్టుండాయి. మేకకు లేని రోషం నల్లమ్మకెందుకు?

తప్పు జరిగితే ముందు ఇంటికొచ్చి ఒంటిగా మాట్లాడల్ల. ప్రసంగంలో నువ్వే చెప్పినావు కదా? బస్సెక్కితే గంట దారి. వేలితో ఒక నొక్కు నొక్కి మనిషిని తీసేసేది ఏం పద్ధతి? రొట్టె మాట ఇంకా చెప్పనేలేదు నువ్వు.

ఇట్లు,
ఎస్తేరమ్మ

తా.క. ఇది హేమావతి రాస్తున్నది. అయ్యగారూ, అత్త సాయంత్రం ఇంటి ప్రార్థన కూడా మానేసింది. సంఘంలో లేనిదాని ప్రార్థన పైకి పోతుందో లేదో అంటుంది. ఈ మాట రాయొద్దనింది.

హిందూపురం

అవ్వా,

తప్పు నాది. శనివారం ఇంటికొస్తాను, నల్లమ్మగారినీ తీసుకొస్తాను. మేకను చూపించండి. బల్ల దగ్గర మొదటి రొట్టె మీకే. గ్రూపులో మళ్ళీ చేర్చాను.

ఒక మనవి. మీరు లేనప్పటి నుంచి ఉదయ ప్రార్థనకు ఎవరూ లేవడం లేదు. అందరూ మీ తిట్లకే లేచేవారట. దయచేసి ఆ మైకు మళ్ళీ నొక్కండి.

గిద్యోను

తా.క. నేనూ మీ గొంతుకే లేచేవాణ్ణి.

పెనుకొండ

పాస్టరయ్యకు వందనాలు.

రొట్టె తీసుకున్న ఆ పొద్దే ఇంట్లో ప్రార్థన మళ్ళా మొదలుపెట్టినా. శనివారం నువ్వు చూస్తుండగానే నల్లమ్మ మేకను చూసి నవ్వి, "నాకియ్యక్కా" అని ధర్మవరానికి తోలుకోని పాయ. ఇప్పుడు కొట్టం ఖాళీ. పొద్దున్నే ఎవర్ని తిట్టల్ల? లేవనోళ్ల పేర్లు పంపు. మొదట నీ పేరే పెట్టుకుంటా.

ఇట్లు,
బల్లలో పాలు పొందిన ఎస్తేరమ్మ

తా.క. ఈ పొద్దు నేను మైకు నొక్కకముందే గ్రూపులో ధర్మవరం నుంచి నల్లమ్మ గొంతు: "లెయ్యే ఎస్తేరీ! తిని తిని పండుకోనుండావు!" మేకకు పేరు మార్చిందంట. ఆయమ్మను మాత్రం తీసెయ్యొద్దు. నేను బస్సెక్కి ఆడికే పోతాండా, ఒంటిగా మాట్లాడేదానికి.