తలుపు మీద నమేలే ఆకు

మారీతా ఊరు,
26 నవంబరు 1984

ప్రియమైన లేసావి అక్కకు,

అమ్మమ్మ దగ్గు తగ్గింది. నీ కూతురు లేమాస్‌కు ముందు పన్ను ఊడింది. ఊరంతా తిరిగి ఆ సందు చూపించి వచ్చింది. పెండలం తీగలు కర్రల చివరిదాకా పాకాయి. ఇక అసలు సంగతి: ఈసారి సభలో నేను గెలిచాను!

గాలివానల కాలం వచ్చేసింది. రేడియో నా దగ్గరే ఉంది, తుఫాను కాపలా నాదే. రాజధాని నుంచి వచ్చిన తుఫాను జాగ్రత్తల చిన్న పుస్తకం సభలో చదివాను. రెండో పుటలో స్పష్టంగా ఉంది, ఊరివాళ్ళంతా ఒకే గట్టి కట్టడంలో చేరాలని. మనకు కొత్త బడి ఉంది. సిమెంటు గోడలు, ఇనుప రేకుల కప్పు, దాని కింద నున్నటి చెక్క తొడుగు. అయినా ముసలివాళ్ళందరికీ ఆ పాత తుఫాను ఇల్లే కావాలి. గడ్డి కప్పు నేలను తాకే ఆ ఇంట్లోకి మోకాళ్ళ మీద పాకితే గాని దూరలేం. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళయింది, ఇంకా పీతల్లా పాకుదామా అని అడిగాను. తారివా తాత తన చుట్ట దులుపుతూ, "కాగితం చదివినవాణ్ణి చూసి గాలి జడుసుకుంటుందేమో, చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తగ్గలేదు. సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ ఉంటే తలలు లెక్కపెట్టేది ఎవరని నిలదీశాను.

మర్నాడు పొద్దున తిమాలోవా మామయ్యే స్వయంగా వెళ్ళి తుఫాను ఇంటి తలుపుకు నమేలే ఆకు కట్టాడు, పెండలం తవ్వే దాకా ఎవరూ లోపల అడుగు పెట్టకూడదని చెప్పి. అది చిన్న మాట కాదని నీకు తెలుసు. ఆకు దాటినవాడు పందులు ఇచ్చుకోవాలి. గడువుకు ముందే ఆకు తీస్తే కట్టిన పెద్దే పదవి దిగాలి. ఊరి పెద్ద అయ్యుండి నా మాట మీద కట్టాడక్కా. ఈ దీవిలో మొదటిసారి అచ్చు అక్షరానికి విలువ దొరికింది.

ఉత్సాహంతో,
నీ తమ్ముడు కల్తాబు

*

పోర్ట్ విలా,
15 డిసెంబరు

నా చిన్ని తమ్ముడు కల్తాబుకు,

నీ ఉత్తరం హోటల్లో దుప్పట్లు ఉతుకుతూ రెండుసార్లు చదివాను. గెలిచానని రాశావు. ఎవరి మీద? ఆ ఇంట్లో అమ్మమ్మ మూడు గాలివానలు దాటింది. ఒకసారి నేను ఆవిడ ఒళ్ళోనే ఉన్నాను. గడ్డి కప్పు మీద వాన చప్పుడే తెలియలేదు. అమ్మమ్మ గుండె చప్పుడు మాత్రం వినబడింది.

బడి మంచిదే కావచ్చు. నేను వాదించను, నీతో వాదించి ఎవరు గెలిచారు? నాకు ఒక్కటే కావాలి. ఈ ఏడు సముద్రం వేడిగా ఉందని, పెద్ద గాలివానలు వస్తాయని ఇక్కడ రాజధానిలో జాలర్లు చెప్పుకుంటున్నారు. వచ్చే ఓడలో లేమాస్‌ను పంపించు. వాళ్ళ నాన్న సాంతో దీవిలో చేపల పడవ దిగేసరికి మార్చి అవుతుంది. అప్పటిదాకా అది నా పక్కనే పడుకుంటుంది. గది చిన్నదే, ఇద్దరికీ సరిపోతుంది. ఓడలో వంట చేసే ఆవిడతో మాట్లాడాను, తన పక్కన చాప వేస్తానంది. దాని గుడ్డలు మూటకట్టు, చాలు.

బతిమాలుతున్నాను,
మీ అక్క లేసావి

*

మారీతా,
5 జనవరి 1985

ప్రియమైన అక్కకు,

ఓడ వచ్చింది. లేమాస్‌ను పంపలేదు.

తిట్టే ముందు పూర్తిగా చదువు. బడికి రమ్మని ఊరందరినీ ఒప్పించినవాణ్ణి నేను. నా మేనకోడలే ఓడెక్కి పారిపోతే రేపు ఎవరైనా ఆ గడప తొక్కుతారా? "చూశారా, వాడి ఇంటి పిల్లను మాత్రం దాచుకున్నాడు" అంటారు. ముందు నడిచేవాడు తన వాళ్ళను వెనక దాచకూడదు. ఇది నా సిద్ధాంతం, దీని మీద నిలబడతాను.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పిల్ల మూట పట్టుకుని రేవుదాకా వచ్చింది. వద్దన్నాక ఏడవలేదు. మూట ఇసుకలో పెట్టి దాని మీద కూర్చుంది. మామయ్య పక్కనే ఉన్నాడు.

"పంపెయ్యి అల్లుడూ. పిల్లలు తమ కోసం భయపడేవాళ్ళ దగ్గరుంటేనే మంచిది" అన్నాడు.

"మీకూ నమ్మకం లేకపోతే ఆకు ఎందుకు కట్టారు?" అని అడిగాను.

"నువ్వు చదువుకున్నావని."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం దాకా బడి కిటికీలకు చెక్కలు కొడుతూనే ఉన్నాను.

నీ కోపానికి సిద్ధంగా,
కల్తాబు

*

పోర్ట్ విలా,
24 జనవరి

కల్తాబూ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

గాలి మీ వైపు తిరిగిందని రేడియోలో చెప్పి ఆరు రోజులయింది. ఆ తర్వాత మీ దీవి పేరు ఎవరూ ఎత్తలేదు. నిన్న విమానం ఒకటి పైనుంచి చూసి వచ్చిందట. అది నడిపినవాడు హోటల్లో దిగాడు. దుప్పటి మార్చే వంకతో గదిలోకి వెళ్ళి అడిగాను. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపు పడుకున్నాయన్నాడు. బడి గోడలు కనిపించాయట, కప్పు కనిపించలేదట. మనుషులు కనిపించారా అంటే, అంత ఎత్తు నుంచి చెప్పలేనన్నాడు.

బియ్యం, టార్పాలిన్లు వేసుకుని చిన్న పడవ ఒకటి బయలుదేరుతోంది. ఈ ఉత్తరం సరంగు చేతిలో పెడుతున్నాను. నీ సిద్ధాంతాలు నాకొద్దు. ఒక్క పేరు రాయి. లేమాస్ అని రాసి పక్కన ఉందో లేదో రాయి. వేరే ఏదీ రాయకపోయినా ఫరవాలేదు.

లేసావి

*

మారీతా,
2 ఫిబ్రవరి

అక్కా,

లేమాస్ ఉంది. రేకు అంచు తగిలి ఎడమ పాదం తెగింది, మానుతోంది. అమ్మమ్మ ఉంది. తారివా తాతకు భుజం విరిగింది. డెబ్బై ఒక్క మందిమి, అందరం ఉన్నాం. ఇక మిగతాది.

గాలి మధ్యాహ్నం మొదలైంది. అందరినీ బడిలోకి చేర్చాను, తలలు లెక్కపెట్టాను, గర్వపడ్డాను కూడా. ఒక గంట గడిచాక కప్పు లేచింది. ఒక్క ఊపులో, కుండ మీద మూత తీసినట్టు. తర్వాత తోటల్లో పడిన దూలాలు చూశాను. వాటిని గోడకు బిగించే ఇనుప పట్టీ ఒక్కటీ లేదు. కట్టినవాళ్ళు ఉత్త మేకులు దిగగొట్టి, కింద నున్నటి చెక్క వేసి వెళ్ళిపోయారు. చెక్క ఊడదీసి పట్టీలు ఉన్నాయో లేదో చూడమని ఆ పుస్తకం ఏడో పుటలో ఉందక్కా. నేను రెండో పుట చదివి వినిపించాను. ఏడోది నాకు నచ్చలేదు, అందులో పోట్లాటకు పనికొచ్చేది ఏమీ లేదు.

తాడు పట్టుకుని, పిల్లలను మధ్యలో పెట్టుకుని, రేకులు ఎగురుతుంటే తుఫాను ఇంటిదాకా పాకాం. అక్కడ ఆగిపోయాం. తలుపు మీద ఆకు ఉంది.

నువ్వు నమ్ముతావు, ఇంకెవరూ నమ్మరు. ఒక్కరు కూడా ముందుకు కదల్లేదు. అమ్మమ్మ లేమాస్‌ను కింద పెట్టుకుని, దాని మీద వంగి వానలో కూర్చుండిపోయింది. నేను ఆకు మీదికి చెయ్యి చాపాను. మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు తెంపితే అది దొంగతనం. వీళ్ళు ఇక్కడే చస్తారు గాని లోపల అడుగు పెట్టరు. కట్టినవాడు తెంపాలి" అన్నాడు.

"మీ పదవి పోతుంది, మామయ్యా."

"పిల్లలు ముందు. తర్వాత ముసలివాళ్ళు. నువ్వు లెక్కపెట్టు."

ముడి నానిపోయి చేతికి ఊడలేదు. పళ్ళతో తెంపాడు. డెబ్బైమందీ దూరాక చివరికి ఆయన దూరాడు. సాయంత్రం దాకా ఇల్లు నేలకు నొక్కుకుని ఉండిపోయింది.

మూడో రోజు మామయ్యే సభ పిలిచి, తన పెద్దరికపు కర్ర నేల మీద పెట్టేశాడు. నేను లేచి అరిచాను. తప్పు నాది, పందులు నా దగ్గర తీసుకోండి, నన్ను వెళ్ళగొట్టండి అన్నాను. తారివా తాత కట్టు కట్టిన భుజంతోనే, "కూర్చో నాయనా. జరిమానా కట్టాలన్నా ఆకు నీదై ఉండాలి" అన్నాడు. వెటకారం లేదు ఆ మాటలో. అప్పటినుంచి ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కాల్చిన సీమపనస పళ్ళలో నా వాటా రోజూ వస్తోంది.

బడి దూలాలు ఏరుతున్నాను. పట్టీలు పంపమని రాజధానికి రాశాను, ఊరందరి వేలిముద్రలతో. ఈసారి రాసింది ముందు అందరికీ చదివి వినిపించాను. ఒక్కో వాక్యానికి ఆపి అడిగారు. రెండు చోట్ల కొట్టేయించారు.

పడవ రేపు తిరిగి వెళ్తోంది. రేవు చేరగానే, ఎవరినీ దించకముందే, ఈ ఉత్తరం నీ చేతిలో పెడతానని సరంగు మాటిచ్చాడు. లేమాస్‌ను ఎక్కిస్తున్నాను. నువ్వు అడిగినప్పుడు పంపలేదు. దానికి నన్ను ఏమన్నా పడతాను.

దానితో మామయ్య కూడా వస్తున్నాడు. కొత్త పెద్ద కుదురుకునే దాకా పాతవాడు ఊళ్ళో ఉండకూడదు కదా, వచ్చే ఏడు పెండలం తవ్వేదాకా. పని ఏదైనా చేస్తానన్నాడు. దుప్పట్లు మోస్తాడట. ఒక సంగతి మాత్రం నీకు ముందే చెప్పాలి. తిమాలోవా అన్న పేరు పదవిది, అది కొత్తవాడికి వెళ్ళిపోయింది. సరంగు ప్రయాణికుల చీటీలో మామయ్య చిన్నప్పటి పేరే రాయించాడు, కల్సెర్ అని. ఇరవై రెండేళ్ళుగా ఆ పేరుతో ఆయన్ను ఎవరూ పిలవలేదు. నిన్న నేను పిలిచి చూశాను. ఆయన వల అల్లుకుంటూనే ఉన్నాడు.

రేవులో పేర్లు చదివేవాడికి చెప్పు, అక్కా. కల్సెర్ అని ఒకసారి పిలిచి ఊరుకోవద్దని. ఆయన పలకడానికి కాసేపు పడుతుంది.

కల్తాబు