సార్ల ఫోన్ల వెనక అంబులెన్స్

మంగళవారం, రాత్రి

మేముండే హాస్టల్ కింది అంతస్తులో మొబైల్ సిగ్నల్ రాదు. వైఫైలో అంబులెన్స్ కాల్ అన్నిటికన్నా ముందు పోవాలని నా థీసిస్ కోసం నేను ఏడాదిగా పనిచేస్తున్న. ఇవాళ మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ తన ఫోన్ కూడా ఆ ముందు వరుసలో పెట్టమన్నడు.

"అది ప్రాణం మీదికొచ్చినోళ్లకు సార్."

"నా మీటింగ్ ఆగితే నీ థీసిస్ ఆగుతదమ్మా" అని నవ్విండు.

పెట్టిన. సాయంత్రానికి వార్డెన్, డీన్, క్రికెట్ చూసే డీన్ కొడుకు కూడా చేరిన్రు. పరీక్ష కోసం అంబులెన్స్ కాల్ లెక్కన వైఫైలో తార్నాకలో ఉన్న దోస్తుకు చేసి చూస్తే మాట మధ్యలనే తెగింది.

నా రూమ్మేట్ సుజాతకు ఫిట్స్ వస్తయి. అన్నం తినుకుంట అడిగింది: "అక్కా, ఇప్పుడు నాకొస్తే అంబులెన్స్‌కు ఫోన్ పోతది కదా?"

"పోతది, తిను."

నమ్మి పడుకున్నది. నేను మెట్లెక్కి, మొబైల్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతదో చూసొచ్చిన.