రెండు వైపులా ప్రసంగం

అమ్మడూ,

ఆశీస్సులు. ఆదివారం చర్చిలో చదవడానికి రెండు ప్రసంగాలు పంపుతున్నాను, టైపు చేసి పంపు. సమ్మెతో మిల్లు మూసినప్పటినుంచి వీధి నిండా సైనికులే. ప్రభుత్వం నిలిస్తే మొదటిది: పాలకులను దేవుడే పెట్టాడు, లోబడండి. పడిపోతే రెండోది: సింహాసనాలను దేవుడే కూల్చాడు, సంతోషించండి. ఏది చదవాలో రేడియో చెబుతుంది.

మీ చిన్నాన్న

తా.క. రెండింట్లోనూ "ఇలా జరుగుతుందని ముందే చెప్పాను" అన్న వాక్యం ఉంది. తీసెయ్యకు.

*

చిన్నాన్నకు వందనాలు.

ఆఫీసులో కాగితాలు నిండుకున్నాయి. ఒకే కాగితానికి చెరోవైపు కొట్టాను. చిన్న సందేహం. మీరు రెండూ నమ్ముతారా? అడిగినందుకు క్షమించండి.

మీ అమ్మాయి

తా.క. అక్షరదోషాలు రెండింట్లోనూ సమానంగా ఉన్నాయి. దిద్దాను.

*

అమ్మడూ,

కొంప ముంచావు. రేడియోలో పాటలు తప్ప ఏమీ రాలేదు. ధైర్యం చేసి మొదటిది ఎత్తుకున్నాను. అడుగున "వెనక చూడండి" అని ఎందుకు కొట్టావు? చూశాను. లోబడమన్న నోటితోనే సంతోషించమన్నాను. ముందు బెంచీలో పోలీసు ఇన్‌స్పెక్టరు ఆమెన్ అన్నాడు. వెనక బెంచీల్లో సమ్మెవాళ్ళూ ఆమెన్ అన్నారు. మీరు మావాళ్ళేనని ఇరుపక్షాలవాళ్ళూ నాతో చెయ్యి కలిపారు.

చర్చి ఊడ్చే ఆయమ్మ ఒక్కతే ఆగింది. ఆమె కొడుకును సైనికులు మిల్లు గేటు దగ్గర పట్టుకెళ్ళి పన్నెండు రోజులైంది. "అయ్యగారూ, ఇందులో మావాడు ఎక్కడున్నాడు?" అంది. నేను బెంచీలు సర్దుతున్నట్టు నటించాను.

మీ చిన్నాన్న

తా.క. ఇన్‌స్పెక్టరుకు ఒక ప్రతి కావాలట. సమ్మెవాళ్ళకు ఇరవై.

*

చిన్నాన్నకు వందనాలు.

"వెనక చూడండి" ఆఫీసు అలవాటు. వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కానీ అది అసలు సిగ్గు కాదు. రెండు ప్రసంగాలూ అక్షరమక్షరం చదివాను. ఆయమ్మ అడిగిన మాట నాకు తట్టనే లేదు.

ప్రతులు పంపను. మీ మాట కాదనడం ఇదే మొదటిసారి.

మీ అమ్మాయి

తా.క. తిట్టే ఉత్తరమైతే ఇంటికి రాయండి. ఇక్కడ మేనేజరు విప్పి చదువుతాడు.

*

అమ్మడూ,

తిట్టే ముఖం నాకు లేదు. ఈ ఆదివారానికి ఏమీ రాయలేకపోయాను. ఉత్త చేతులతో నిలబడి, ఆయమ్మ కొడుకును ఇంటికి చేర్చు ప్రభువా అని మొదలుపెట్టాను. పేరు దగ్గర ఆగిపోయాను. వాడికి బాప్తిస్మం ఇచ్చింది నేనే. పేరు గుర్తులేదు.

"ఆయమ్మా, అబ్బాయి పేరేంటి?" అని అందరి ముందూ అడిగాను. చెప్పింది. చెప్పాను. ఇన్‌స్పెక్టరు లేచి వెళ్ళిపోయాడు, సంఘ పెద్దలు అతని వెనకే. సమ్మెవాళ్ళు చప్పట్లు కొట్టబోయి, ఆమె చూసిన చూపుకు చేతులు దించేశారు.

మీ చిన్నాన్న

తా.క. రేపు స్టేషనుకు రమ్మని కబురొచ్చింది. ఆయమ్మ తోడొస్తానంది. దారిలో నేను మనసు మార్చుకుంటానని ఆమెకు అనుమానం.