ఎర్ర బల్బు గది తలుపు

చైతన్యపురి,
ఆదివారం సాయంత్రం

నాన్నగారికి మృదుల నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమమేనని రాయడం పద్ధతి కనుక రాస్తున్నాను. జ్వరం, దగ్గు లేవు, అలసట మాత్రం ఉంది. తునిలో మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో మీకు సరిగా వినపడడం మానేశాక మన మాటలన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఈసారి అదే నయమనిపించింది.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త చెప్పులు కొన్నాను, ఎడమది కరుస్తోంది. హాస్టల్ సాంబారులో మార్పు లేదు. కందిపొడి డబ్బా అడుగు కనిపిస్తోందని అమ్మతో చెప్పండి. ఎల్‌బీ నగర్ దాకా మెట్రో, అక్కణ్ణుంచి ల్యాబ్‌కి షేర్ ఆటో. ఈ మధ్య ఆటోలోనే కునుకు తీస్తున్నాను.

"బ్రెడ్డులో వేసే ఈస్టు లోపల ఐదేళ్ళు చూడ్డానికి ఏముందమ్మా?" అని వెటకారం చేశారు. ఉంది నాన్నా. ఈస్టు కణంలో పీపా ఆకారంలో ఒక యంత్రం ఉంటుంది. పాడైన ప్రొటీన్లను లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. దాని పేరు ప్రోటియాజోమ్. మన కణాల్లోనూ అలాంటిదే ఉంది. దాన్ని ఆపేస్తే కణం తన చెత్తలో తానే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. కొన్ని కేన్సర్ మందులు చేసే పని అదే. కానీ అవి ఒళ్ళంతా తిరుగుతాయి, మంచి కణాన్నీ వదలవు. మా మందుకి మధ్యలో ఒక కీలు ఉంది. ఒక రంగు వెలుగు పడితే వంగుతుంది, ఇంకో రంగు పడితే మళ్ళీ నిటారుగా అవుతుంది. వంగినప్పుడే పీపాలో సరిగ్గా ఇరుక్కుంటుందని మా ఊహ. అది నిజమైతే వెలుగు వేసిన చోటే పనిచేసే మందు చేయవచ్చు. ఆ ఇరుక్కున్న తీరు చూడాలంటే పీపాలను స్ఫటికాలుగా పెంచి, మందులో నానబెట్టి, గడ్డకట్టించి ఎక్స్‌రే తీయాలి.

ఎర్ర వెలుగు ఆ కీలును కదిలించదు కనుక నానబెట్టే పనంతా ఎర్ర బల్బు కింద, మీ ఫోటో స్టూడియో డార్క్‌రూమ్‌లో లాగే. మన పద్ధతే ఇక్కడా పెట్టాను. తలుపు మూడుసార్లు కొట్టాలి, లోపలి నుంచి రమ్మనే దాకా ఆగాలి. ల్యాబ్ ఊడ్చే అండాలమ్మకు నేర్పింది కూడా నేనే. "గింత చీకట్ల ఏం కనవడతది బిడ్డా నీకు, కండ్లు పోతయ్" అనేది.

పోయిన నెల ఎక్స్‌రే ఫలితం వచ్చింది. పీపాలో మందు సగం వంగి, సగం నిటారుగా, అంతా మసక. తెల్ల వెలుగు తగిలిందన్నమాట. మా గైడు సూర్యప్రభ మేడమ్ అందరినీ నిలబెట్టి, నానబెట్టిన రోజు గది దగ్గరికి ఎవరు వచ్చారని అడిగారు. అండాలమ్మ చెత్త తీయడానికి వచ్చానంది. తలుపు కొట్టావా అంటే తడబడింది. "కొట్టే ఉంటనమ్మా... ఏమో, యాదికొస్తలేదు. నేనే తీసిన్నేమో." వారం తిరక్కుండా కాంట్రాక్టరు ఆమెను రావద్దన్నాడు.

నాన్నా, ఆ వెలుగు నాది. పొద్దుటినుంచి వంగి కూర్చుని నడుం పట్టేసింది. మంచి స్ఫటికం ఒకటి సూది మీంచి జారిపోయింది. వెతుక్కోవడానికి ఫోన్ టార్చ్ వేశాను. నాలుగు సెకన్లుంటుందేమో. మిగతా స్ఫటికాలు పక్కనే ఉన్నాయి. ఏం కాదులే అనుకుని రికార్డు పుస్తకంలో రాయలేదు. ఐదేళ్ళయింది, ఇంకో ఆర్నెల్లు వెనక్కి పోవడానికి ఓపిక లేక ఊరుకున్నాను. మేడమ్ అడిగినప్పుడు భయపడి దాచాను.

ఇంతకన్నా సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. పని పోయిన మూడో రోజున అండాలమ్మ హాస్టల్‌కి వచ్చింది. స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చింది, ఇక్కడివాళ్ళు చేసుకునే కారం బియ్యప్పిండి రొట్టె. "నీ సదువంత ఖరాబ్ చేసిన గదా బిడ్డా, మనసుల పెట్టుకోకు" అంది. నేను చేయి చాచి డబ్బా అందుకున్నాను. ఆమె వెళ్ళాక ఆ సర్వపిండి తిన్నాను నాన్నా. ఆకలేసింది, తిన్నాను. డబ్బా కడిగి కిటికీలో పెట్టాను. పది రోజులు అది చూస్తూనే తల దువ్వుకున్నాను.

మొన్న శుక్రవారం మేడమ్‌కి చెప్పేశాను. "ఆ రోజే చెప్పుంటే ఆ స్ఫటికాలు పంపేవాళ్ళమే కాదు కదా మృదులా. మళ్ళీ మొదలుపెట్టు" అన్నారు. అండాలమ్మ చోటులో అప్పటికే వేరే మనిషి వచ్చేసింది. కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నారు, పని తిరిగి ఇప్పిస్తానని మాత్రం మాట ఇవ్వలేదు.

నిన్న డబ్బా పట్టుకుని హయత్‌నగర్ బస్సెక్కాను. అండాలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను అంతా. తిడుతుందనుకున్నాను. ఆమె చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"అంటే నేను తలుపు తియ్యలేదా?"

"తియ్యలేదు."

"కొట్టిన్నా మరి?"

"మూడుసార్లు కొట్టావు. ఆగమన్నాను, బయటే ఆగావు."

"మా అమ్మకు గిట్లనే మొదలైంది బిడ్డా. ఆకరికి నన్నే గుర్తువట్టలే. నాకూ మతి పోతున్నదనుకున్న. పొయ్యి బంద్ చేసిన్నా లేదా అని పదిసార్లు లేచి చూస్తున్న." కొంగుతో కళ్ళు తుడుచుకుని, లోపల వంటింట్లో ఉన్న కోడల్ని పిలిచింది. "రోహిణీ, ఇన్నవా? నేను తలుపు కొట్టిన్నంట. మూడుసార్లు కొట్టిన్నంట."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు నాన్నా. డబ్బా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఇట్లు,
మీ అమ్మాయి
మృదుల